ఇంటిపేరు వల్ల రెండుగా చీలిన ఆథర్ ప్రొఫైల్‌ను ఒకటి చేయడం ఎలా?

నాది మెటీరియల్స్ కెమిస్ట్రీ, లిథియం-అయాన్ బ్యాటరీల క్యాథోడ్ పదార్థాల మీద పని. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసినప్పటి పేపర్లలో ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది. పోస్ట్‌డాక్‌కి కొరియా వచ్చాక పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా రాశాను. దాంతో ఒక సైటేషన్ డేటాబేస్‌లో (ఏ పేపర్‌ను ఎన్ని పేపర్లు ఉటంకించాయో లెక్కపెట్టేది) నా రికార్డు రెండుగా చీలింది. ఒక ప్రొఫైల్‌లో 17 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 9 (అంటే 9 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 9 సైటేషన్లు). రెండోదాంట్లో 11 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 6. 28 పేపర్లనూ సైటేషన్ల వరసలో పేర్చి చేత్తో లెక్కేస్తే హెచ్-ఇండెక్స్ 11 వచ్చింది. 9కీ 11కీ రెండు అంకెల తేడా, నాకు చిన్న విషయం కాదు.

ఆర్కిడ్‌లో (పరిశోధకులకు ప్రత్యేక ఐడీ ఇచ్చే సైట్) అన్ని పేపర్లూ డీఓఐలతో (ఒక్కో పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు నంబర్లు) సహా చేర్చాను. ప్రొఫైళ్లు కలపమని డేటాబేస్ వాళ్లను మార్చి 4న, మళ్లీ 21న అడిగాను. పేరు, సంస్థ, ఈమెయిల్ సరిపోలడం లేదని రెండుసార్లూ తిప్పి పంపారు. పాత యూనివర్సిటీ ఈమెయిల్ ఇప్పుడు పనిచేయదు. రెండోసారి మా గైడ్ గారి లెటర్ కూడా జతచేశాను, లాభం లేకపోయింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ దరఖాస్తులో ఆ డేటాబేస్ అంకెలే అడిగారు, నెలాఖరే గడువు, చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ఈమెయిల్ లేకుండానే ప్రొఫైళ్లు కలిపించుకున్నవాళ్లు ఏ ఆధారం చూపించారు?