అప్‌డేట్: గోల్ఫ్‌ దూరపు పట్‌లలో వేగం కొంత అదుపులోకి వచ్చింది

ముప్పై అడుగుల పట్‌ను (గ్రీన్ మీద, అంటే హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేల మీద, బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బను) ఒకసారి ఆరడుగులు తక్కువగా, మరోసారి అంతే ఎక్కువగా కొడుతున్నానని, పట్టర్ (ఆ దెబ్బ కొట్టే కర్ర) మార్చాలా అని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. పట్టర్ మార్చలేదు. మీలో ఎక్కువమంది చెప్పినట్లు లోపం నా చేతుల్లోనే ఉంది: దూరం పెరిగేకొద్దీ వెనక్కి తీసుకునే ఊపును పెంచకుండా, బంతిని తాకే క్షణంలో మణికట్టుతో బలం జోడిస్తున్నాను. ఇప్పుడు భుజాలతోనే, ఒకే లయలో, ఊపు పొడవును మాత్రమే మారుస్తున్నాను.

10, 20, 30 అడుగుల వద్ద టీలు (బంతిని నిలిపే చిన్న పుల్లలు) గుచ్చి, ఒక్కో దూరానికి మూడేసి బంతులు కొట్టి, తలెత్తకముందే బంతి ఎక్కడ ఆగిందో అంచనా వేసుకోవడం అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. మొదటి వారం నా అంచనాలు నాకే నవ్వు తెప్పించాయి. 108 మిల్లీమీటర్ల వ్యాసమున్న హోల్ కూడా వేగంగా వచ్చే బంతికి ఇరుకవుతుందని అప్పుడే అర్థమైంది.

మా కోర్సులోని బెర్ముడా గడ్డి సాయంత్రానికి పెరిగి బంతిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి, ఆటకు ముందు హోల్‌ను పట్టించుకోకుండా గ్రీన్ అంచు వరకు కొట్టి వేగం చూసుకుంటున్నాను. ఒకే హోల్‌కు మూడు పట్‌లు పట్టడం రౌండుకు ఆరుసార్ల నుంచి ఇప్పుడు రెండుసార్లకు తగ్గింది. వాలు దిగే పట్‌లు మాత్రం ఇంకా లొంగలేదు.