నిరుపహతి స్థలంబా, నిరుపహత స్థలంబా?

అన్నానగర్: ఆదివారం, ఇంట్లో ఒక్కరే, ఒక సినిమా, రెండు పుస్తకాలు, వేళకు భోజనం. ఈ సుఖం మీద నాలుగు మాటలు రాసి, కవిత్వం రాయాలంటే ఏమేం కావాలో అల్లసాని పెద్దన చెప్పిన చాటువు (విడి పద్యం) ఎత్తుగడనే శీర్షికగా పెడదామంటే మొదటి మాట దగ్గరే చిక్కు. "నిరుపహతి"యా, "నిరుపహత"యా? "నిరుపద్రవ స్థలంబు" అని చదివేవాళ్లూ ఉన్నారు. ఏది సరి?

గురులఘువు: నిరుపద్రవ కుదరదండీ. చంపకమాలలో మొదటిది నగణం, మూడూ లఘువులే ఉండాలి. "ద్ర" తగిలితే దాని ముందున్న "ప" గురువైపోయి గణం అక్కడే చెడుతుంది. మిగతా రెండింటికీ ఛందస్సు అడ్డు చెప్పదు. నిరుప - హతిస్థ - లంబుర - మణీప్రి. రెండోది జగణం, నడుమ గురువు కావాలి. "స్థ" ముందు ఉంది కాబట్టి "తి" అయినా గురువే, "త" అయినా గురువే. యతి ని-ణీ, దానికీ ఈ అక్షరంతో పనిలేదు.

పాత పుస్తకం: ఛందస్సు తేల్చకపోతే వ్యాకరణం తేలుస్తుంది. హన్ ధాతువు మీద క్తిన్ ప్రత్యయం వస్తే హతి, కొట్టడం; క్త ప్రత్యయం వస్తే హత, దెబ్బ తిన్నది. ఉపహతి అంటే అడ్డు, దెబ్బ. అది లేనిది నిరుపహతి, బహువ్రీహి. "నిరుపహత స్థలం" అంటే దెబ్బ తినని చోటు. ఇల్లు కూలకుండా ఉంటే చాలని అడిగాడా పెద్దన? "తి" పాఠమే పాఠం.

గురులఘువు: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. భంగపడనిది అన్న అర్థంలో "త" కూడా నిలుస్తుంది. మీరు చెప్పింది రుచి, నిర్ణయం కాదు. అసలు ఎక్కువమంది చెడగొట్టేది చదవడంలో. "నిరుపహతి" అని ఆగి, ఊపిరి తీసుకుని "స్థలంబు" అంటారు. ఆగితే తి తేలిపోయి లఘువులా వినిపిస్తుంది, నడక కుంటుతుంది. సమాసం కాబట్టి తిస్-థ అని ఒత్తి, ఒకే ఊపున పోవాలి.

వడపళని: పద్యం మొత్తం ఎవరూ రాయలేదు కాబట్టి ఇదిగో.

నిరుపహతి స్థలంబు రమణీప్రియదూతిక తెచ్చి యిచ్చు క
ప్పురవిడె మాత్మకింపయిన భోజన ముయ్యెలమంచ మొప్పు త
ప్పరయు రసజ్ఞు లూహ తెలియంగల లేఖకపాఠకోత్తముల్
దొరకినఁ గాక యూరక కృతుల్ రచియింపు మటన్న శక్యమే

అన్నానగర్ గారూ, శీర్షిక మార్చుకోండి. ఇందులో ఒంటరితనం ఎక్కడుంది? విడెం తెచ్చే దూతిక ఉంది, వంట చేసే చేతులున్నాయి, రసజ్ఞులు బహువచనం, వాళ్ల వెనక లేఖకులు, పాఠకులు. ఇంటినిండా మనుషులే. పెద్దన అడిగింది అడ్డు లేకపోవడాన్ని, జనం లేకపోవడాన్ని కాదు.

అన్నానగర్: పాఠకులంటే చదువుకునేవాళ్లే కదా అన్నా, పుస్తకం సంగతి ఉన్నట్టే.

వడపళని: మనమనే పాఠకుడు కాదు. లేఖకుడు తాటాకు మీద గంటంతో రాసేవాడు, పాఠకుడు దాన్ని సభలో గొంతెత్తి చదివి వినిపించేవాడు. సోఫాలో పడుకుని పేజీ తిప్పేవాడికి ఈ పద్యంలో చోటు లేదు.

పాత పుస్తకం: ఇల్లు కదలకుండా ఉండే సుఖం కావాలంటే పెద్దన మనుచరిత్రలోనే ప్రవరుడున్నాడు, చాటువు దాకా ఎందుకు? ఊరు దాటని గృహస్థు, దేశాలు చూసొచ్చినవాళ్లు చెబితే విని మురిసేవాడు. సిద్ధుడి పాదలేపంతో హిమాలయం వెళ్లాడు, మంచునీటికి పసరు కరిగింది, ఇక ఇంటిదారి లేదు. ఆపైన దారి అడిగితే అక్కడి అప్సరస వరూధిని "ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు" అనేసరికి మనం అసలు ప్రశ్నే మరిచిపోతాం. ఏకాంతం అన్న మాట కూడా ఆ పద్యంలోనే ఉంది, "యేకాంతమునందు నున్న జవరాండ్ర" అని. శీర్షికకు అది తీసుకోండి, ధైర్యముంటే.

గురులఘువు: ఆ ఏకాంతంలో కూడా ఇద్దరున్నారు.

పెరంబూరు: సినిమా సంగతి అందరూ వదిలేశారు. ఇంట్లో కూచుని తెర చూడటానికి 1957లోనే మాయాబజార్‌లో పింగళి ప్రియదర్శిని పెట్టె పెట్టారు. ఎవరు తెరిస్తే వాళ్లకిష్టమైనదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడికి మాత్రం శకుని. ఒక్కరే కూచుని చూడాల్సిన పెట్టెని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తారు, అక్కడే ఉంది తమాషా.

మైలాపూరు: ఊయల మంచం గురించి ఎవరూ అనరేం? "మూయలమంచ" అని చదివినా గణం సరిపోతుంది, ఆ గొడవ మరోసారి. ఇక్కడి పాత ఇళ్లలో ఊంజల్ అంటే నాలుగు గొలుసులు, పైన దూలానికి కొక్కేలు. ఫ్లాట్‌లో కావాలంటే కొక్కెం బీముకే వెయ్యాలి. స్లాబుకి డ్రిల్ చేసి బోల్టు బిగిస్తే ఊగినప్పుడల్లా బరువు అటూ ఇటూ లాగి బోల్టు సడలిపోతుంది. పై కొక్కేల ఎడమూ, పలక రింగుల ఎడమూ ఒకటిగా లేకపోతే పలక మెలి తిరుగుతుంది. కిర్రుమనేది కొక్కెం, రింగు రాసుకునే చోట. అక్కడ కాస్త గ్రీజు చాలు. ఆ కిర్రు పోతేనే నిరుపహతి, మీ క్తిన్ వల్ల కాదు.

గురులఘువు: సంపు మోటారు రొద మాట?

మైలాపూరు: దానికి పెద్దన దగ్గర కూడా మందు లేదు.

అన్నానగర్: చివరికి తి పెట్టమంటారా, త పెట్టమంటారా?

పాత పుస్తకం: తి.

గురులఘువు: ఏదైనా పెట్టుకోండి, విడదీసి మాత్రం రాయకండి. అంతకంటే పెద్ద చిక్కు మూడో పాదంలో ఉంది. యతిస్థానంలో ప్ప-యం, ఎలా కుదిరిందో చూశారా? తప్పు మీద అరయు చేరి ప్పర అయింది, లోపలి అకారానికి యకారం మైత్రి.

వడపళని: అది బడి పాఠం. ఆ పాదంలో తేలాల్సింది అన్వయం. "ఊహ తెలియంగల" లేఖకపాఠకులకు విశేషణమా, రసజ్ఞులకు కూడానా?

పాత పుస్తకం: లేఖకపాఠకులకే. కవి ఊహ అందనివాడు గంటం పడితే ఒక్క అక్షరం మారుస్తాడు, మనం తి, త అని కొట్టుకుంటాం.

వడపళని: రసజ్ఞుడికి ఊహ అక్కర్లేదంటారా అయితే?