అప్‌డేట్: కొత్త పంపు ఎట్టకేలకు నీళ్లు తోడింది

పోయిన వారం అడిగాను కదా, సార్వా (ఖరీఫ్) వానలు ముదిరేలోపు చేలో మురుగు తోడడానికి పెట్రోల్‌తో నడిచే కొత్త నీళ్ల పంపు కొంటే, ఇంజన్ తిరుగుతోంది గానీ చుక్క నీరు ఎత్తడం లేదని. మాది అమలాపురం దగ్గర పల్లపు చేను, గట్టి వాన పడితే నారు మునిగినట్టే.

తప్పు పంపుది కాదు, నాది. మీరు చెప్పినట్టు పంపు బాడీలో ముందుగా నీళ్లు నింపాను. అయినా రాలేదు. సక్షన్ పైపు (నీళ్లు పీల్చే పైపు) జాయింటు విప్పి చూస్తే రబ్బరు వాషరే లేదు! అది అట్టపెట్టె అడుగున కవర్లో భద్రంగా ఉంది. వేసి, క్లిప్పు బిగించి, మళ్లీ నీళ్లు నింపి తాడు లాగితే నిమిషంలో ధార. సక్షన్ వైపు సన్నటి సందున్నా పంపు గాలే పీలుస్తుంది. "చిల్లు స్ట్రాతో బొండం తాగినట్టురా" అన్నాడు బాబాయ్.

ఇంజన్ ఆయిల్ పోయకుండా స్టార్ట్ చేయొద్దన్నవారికి దండం. కొత్తది ఖాళీగానే వచ్చింది. మొదటి 20 గంటలకే ఆయిల్ మార్చమని మాన్యువల్‌లో ఉంది.

నీళ్లు లేకుండా తిప్పినందుకు పంపులో నీళ్లు కారకుండా ఆపే సీలు పోయిందేమోనని టెన్షన్ పడ్డాను, ఇప్పటికైతే కారడం లేదు. గుర్రపుడెక్క అడ్డుపడకుండా సక్షన్ పైపు చివరి జల్లెడను పాత వెదురు బుట్టలో పెట్టాను. ఇక మురుగు కాలువ పూడిక తీయించాలి, లేకపోతే తోడిన నీళ్లు మళ్లీ మా చేలోకే.