కొత్త స్కూల్లో పాప ఫిట్స్ సంగతి చెప్పాలా, దాచాలా?

కావలి అమ్మ:
మా పాపకు పదకొండేళ్ళు. రెండేళ్ళుగా ఫిట్స్‌కి మందులు వాడుతోంది. చివరిసారి వచ్చి ఏడు నెలలైంది. జూన్‌లో కొత్త స్కూల్లో ఆరో తరగతిలో చేర్చాలి. అక్కడ చెప్పొద్దంటారు మా అత్తగారు, "ఆడపిల్ల, ఊరంతా పాకితే రేపు సంబంధాలు రావు" అని. చెప్పకుండా పంపాలంటే నాకు టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

పొదిలి నాన్న:
చెప్పకండమ్మా. మా వాడి విషయం చెప్పాం. మర్నాటి నుంచి ఆటల్లోకి రానివ్వలేదు. పక్కన కూర్చునే పిల్లాణ్ణి వాళ్ళమ్మ వేరే బెంచీకి మార్పించింది. మా వాడు ఇంటికొచ్చి "నాన్నా, నాది అంటుకునే రోగమా?" అని అడిగాడు. మందులు వేసేది పొద్దున, రాత్రి ఇంట్లోనే కదా. స్కూలుకెందుకు తెలియాలి?

నెల్లూరు టీచరు:
అన్నా, బాబుకు జరిగింది అన్యాయం. అది అంటుకోదు, మెదడులో కరెంటు కాసేపు అదుపు తప్పడం, అంతే. అయినా నేను చెప్పమనే అంటాను. ఇంట్లోవాళ్ళు దాచిన పిల్లాడు ఒకడు నా క్లాసులోనే పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. ఒకరు అరచేతిలో తాళాలగుత్తి పెట్టారు. ఇంకొకరు పళ్ళ మధ్య స్పూను దూర్చారు, ముందుపన్ను విరిగింది. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది "ఎంతసేపు కొట్టుకున్నాడు?" అని. "చాలాసేపు" అన్నాను. ఒక్కరమూ గడియారం చూడలేదు.

చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. అప్పుడు చేతిలో తాళాలుంటే ఆ ఇనుము మహిమ అనుకుంటాం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు రాసిచ్చి ఉంటే ముక్కులో మిడజోలం స్ప్రే కొట్టాలి. ఇవి తెలిసినవాళ్ళు స్కూల్లో ఒక్కరైనా ఉండాలి కదా.

కొందరు పిల్లలు కింద పడరు. మాట మధ్యలో ఆగి, కొన్ని సెకన్లు అలా చూస్తూ ఉండిపోతారు. పరధ్యానమని తిట్టేది మేమే. అదీ ఫిట్సేనని తెలిస్తే తిట్టం.

పొదిలి నాన్న:
మీలాంటి టీచరు దొరికితే చెప్పొచ్చు. దొరకకపోతే మళ్ళీ ఏడ్చేది పిల్లాడే. నా భయం పోలేదు.

చీమకుర్తి అక్క:
నాకు తొమ్మిదో ఏట మొదలైంది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లిని. చెప్పే పెళ్ళి చేసుకున్నాను. మీ అత్తగారికి చెప్పు చెల్లీ, 1955 హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంగా ఉన్న మూర్ఛ అనే మాటను 1999లోనే తీసేశారు. మందులతో పదిమందిలో దాదాపు ఏడుగురికి అదుపులోకి వస్తుంది. బాగుంది కదా అని మాత్రం మీరే ఆపొద్దు. నేను ఇంటర్లో అలా ఆపేసి, పరీక్ష హాల్లో పడిపోయాను. సాధారణంగా రెండేళ్ళు రాకుండా ఉంటే, అన్నీ చూసి డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. పాపకిచ్చేది వాల్‌ప్రోయేట్ అయితే ఒకసారి డాక్టరును అడుగు. అది గర్భంలో బిడ్డకు హాని చేయగలదు, ఆడపిల్లలకు ముందే ఆలోచిస్తారు.

కావలి అమ్మ:
పోయినేడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో పాప కోసం ఆరోగ్య రొట్టె పట్టుకున్నాం. నీళ్ళలో ఉన్నంతసేపూ దాని చెయ్యి వదల్లేదు మా అత్తగారు. ఆ మాటే ఇప్పుడు ఆవిడతో అన్నాను, స్కూల్లో దాని చెయ్యి ఎవరు పట్టుకుంటారు అని. కాసేపు మాట్లాడలేదు. "క్లాసు టీచరుకి మాత్రం చెప్పు" అన్నారు. కాగితం మీద ఏమేం రాయాలి టీచరుగారూ?

నెల్లూరు టీచరు:
మందు పేరు, మోతాదు, డాక్టరు నంబరు, మీ ఇద్దరి నంబర్లు. "ఐదు నిమిషాలు" అన్నది పెద్ద అక్షరాలతో రాయమ్మా. ఆటలు మాన్పించొద్దని కూడా రాయి.