పిల్లాడి కటింగ్ ఇంట్లో చేయబోయి చెడగొట్టాను, సరిచేయడం ఎలా?

చిన్నిల్లు:

మా ఇంట్లో నెలనెలా కటింగ్ చేయించాల్సిన తలలు మూడు. మా ఆయన, 11 ఏళ్ల పెద్దోడు, 5 ఏళ్ల చిన్నోడు. ఈ ఏడాది మా ఆయనకు పని గంటలు తగ్గించారు, జీతం కూడా తగ్గింది. ఏ ఖర్చు ఆపగలమా అని ఇద్దరం కాగితం మీద రాసుకుంటే అద్దె ఆపలేం, ఫీజులు ఆపలేం, మందులు ఆపలేం. మిగిలినవాటిలో సెలూన్ ఖర్చు కనబడింది. ఒక మిషన్ కొంటే మూడు నెలల్లో దాని డబ్బు తిరిగొచ్చేస్తుందని లెక్కేసుకుని కొనేశాను. రెండు మూడు వీడియోలు చూశాను, ఇంతేకదా అనిపించింది.

మొన్న ఆదివారం పెద్దోడిని కూర్చోబెట్టి 4వ నంబర్ దువ్వెన తగిలించి మొదలుపెట్టాను. వెనకవైపు బాగానే వచ్చింది. కుడి చెవి పైకి వచ్చేసరికి ఆ ప్లాస్టిక్ దువ్వెన ఊడి కిందపడింది, నేను చూసుకునేలోపు బొటనవేలంత మేర జుట్టు మొదలంటా పోయింది. కంగారులో రెండోవైపు కూడా దానికి సరిపోవాలని కొంచెం తగ్గించాను, దాంతో అటు కూడా మెట్లు పడ్డాయి. వాడు ఏడవలేదు, అరవలేదు. అద్దంలో ఒకసారి చూసుకుని టోపీ పెట్టుకుని గదిలోకి వెళ్లిపోయాడు. మూడు రోజులైంది, ఇంట్లో కూడా టోపీ తీయడం లేదు. వాడు నన్ను ఒక్కమాట అన్నా బాగుండేది.

నాకు తెలియాల్సినవి ఇవి. ఆ మచ్చలా పడినచోట ఇప్పుడు ఏం చేయాలి? మెట్లు పడకుండా ఎలా చేయాలి? నడినెత్తిన సుడి దగ్గర జుట్టు ఎటు కోసినా లేచి నిలబడుతోంది, అక్కడ పద్ధతి ఏంటి? చిన్నోడు మిషన్ చప్పుడు వింటేనే చెవులు మూసుకుని పారిపోతున్నాడు, వాడికి ఎలా అలవాటు చేయాలి? అసలు ఇది మానేసి మళ్లీ సెలూన్‌కే పంపడం మంచిదా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

పాతకత్తెర:

అమ్మా, ముందు మీరు టెన్షన్ పడకండి. నేను 8 ఏళ్లు సెలూన్‌లో పనిచేశాను, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా మా ఇంట్లో అందరి జుట్టూ నేనే కోస్తాను. దువ్వెన ఊడిపోవడం నేర్చుకునే ప్రతివాళ్లకీ ఒకసారైనా జరుగుతుంది. దాన్ని తగిలించాక టక్కుమని శబ్దం రావాలి, ఆ తర్వాత వేలితో గట్టిగా లాగి చూడాలి. కదిలితే తలమీద పెట్టొద్దు.

మచ్చ పడినచోటు గురించి. దాన్ని చూసి మిగతా తలంతా అంత పొట్టిగా చేయొద్దు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది, అంటే మూడు వారాలకు ఆ చోటు చాలావరకు కలిసిపోతుంది. ఈలోపు చుట్టూ ఉన్న అంచు కొట్టొచ్చినట్టు కనబడకుండా చేయడమే మన పని. మిషన్ దువ్వెనల నంబర్లు ఊరికే పెట్టినవి కావు: 1 అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే 10, 4 అంటే 13, 8 అంటే 25. మీవాడికి చుట్టూ 13 ఉండి మధ్యలో ఏమీ లేదు, అందుకే గుంటలా కనబడుతోంది. రెండు చెవుల పైన ఒక రెండు వేళ్ల ఎత్తు వరకు మాత్రమే 2వ నంబర్ పెట్టండి, దానిపైన ఒక వేలు వెడల్పున 3, ఆపైన మీరు ఇప్పటికే చేసిన 4 అలాగే వదిలేయండి. అప్పుడు పక్కలు కావాలనే తగ్గించినట్టు ఉంటుంది, ఆ మచ్చ కూడా అందులో చాలావరకు కలిసిపోతుంది.

మెట్లు ఎందుకు పడతాయంటే, తల పక్కభాగం గోడలా నిటారుగా ఉంటుంది, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వంగుతుంది. కొత్తవాళ్లు మిషన్‌ను ఆ వంపుతోపాటే వంచి నెత్తి మీదికి తీసుకెళ్లిపోతారు. అలా చేయొద్దు. వంపు మొదలయ్యే చోట మిషన్‌ను నిటారుగా పైకే పోనిచ్చి తలనుంచి గాల్లోకి తీసేయండి. నంబరుకీ నంబరుకీ మధ్య గీత కనబడితే ఆ రెండిట్లో చిన్న నంబర్ దువ్వెనే ఉంచి, మిషన్ పక్కన ఉండే చిన్న లీవర్‌ను సగం జరిపి ఆ గీత మీదే తేలిగ్గా విదిలించినట్టు నాలుగైదుసార్లు తీయండి. లీవర్ జరిపితే అదే దువ్వెనతో కొంచెం పొడుగ్గా కోస్తుంది, అరనంబర్ లాగా అన్నమాట. తొందర వద్దు, ఈ ఒక్క దగ్గరే ఎక్కువసేపు పట్టినా పరవాలేదు.

మిషన్ ఎప్పుడూ జుట్టు పెరిగే దిశకు ఎదురు నడవాలి. మెడ దగ్గర చాలామందికి జుట్టు కిందికి కాకుండా పక్కకి పెరుగుతుంది, ముందు వేలితో తడిమి ఎటు పడుతోందో చూసుకోండి. సుడి దగ్గర అన్నివైపులకీ తిరిగి ఉంటుంది కాబట్టి ఒకే దిశలో పోతే కొంత తెగుతుంది, కొంత మిగిలిపోతుంది. చుట్టూ నాలుగు వైపుల నుంచీ రావాలి. ఇంకో మాట, సుడిమీద జుట్టు మరీ పొట్టి చేస్తే ముళ్లలాగా లేస్తుంది. మిగతా తలకంటే ఒక నంబర్ ఎక్కువ పెడితే బరువుకి అదే పడుకుంటుంది. మావాడికి రెండు సుడులు, నేను అక్కడ మిషనే వాడను, కత్తెరతో పైపైన తీస్తాను.

తల కడిగి పూర్తిగా ఆరాకే మిషన్ పెట్టండి. నూనె ఉన్న జుట్టు ఉండలు కట్టి పళ్లలో ఇరుక్కుంటుంది, లాగుతుంది, పిల్లలు దానికే భయపడతారు. పది నిమిషాలకొకసారి బ్లేడును మీ మణికట్టుకి ఆనించి చూడండి, ఇనుము రాపిడికి వేడెక్కుతుంది. మీకు చురుక్కుమంటే వాడికీ అంటుంది, ఆపి చల్లారనివ్వండి. పని అయ్యాక బ్రష్‌తో వెంట్రుకలు దులిపి మిషన్‌తో ఇచ్చిన నూనె ఒక చుక్క వేయండి. వంటనూనె వేయొద్దు, జిగురు కట్టి బ్లేడు పట్టేస్తుంది.

చిన్నిల్లు:

చాలా థాంక్సండీ, నంబర్లకు ఇంత లెక్క ఉందని నాకు తెలియదు, పెట్టె మీద కూడా సరిగ్గా రాయలేదు. పైన జుట్టు కత్తెరతో అంటున్నారు, తడిగా ఉన్నప్పుడా, ఆరాకా? ఇంట్లో ఉన్న మామూలు కత్తెర సరిపోతుందా?

పాతకత్తెర:

కాగితాలు, బట్టలు కోసే కత్తెర వద్దు. అది జుట్టుని కోయదు, నలిపి జరిపేస్తుంది, చివర్లు చీలిపోతాయి. జుట్టు కత్తెర ఒకటి విడిగా కొని దానితో ఇంకేమీ కోయకండి, పిల్లల క్రాఫ్ట్ పనికి ఇచ్చారంటే ఒక్కరోజులో పదును పోతుంది. మీవాళ్ల జుట్టు తిన్నగా ఉంటే కొంచెం తడిపి చేయండి, చేతికి లొంగుతుంది. చూపుడువేలు, నడిమివేలు మధ్య ఒక పాయ పట్టి తలకు నిటారుగా పైకెత్తి వేళ్ల పైన మిగిలిందే కోయాలి. మొదట కోసిన పాయలో కొంచెం జుట్టుని రెండో పాయతో కలిపి పట్టుకుంటే ఎంత పొడవుకి కోయాలో అదే చూపిస్తుంది. ఎప్పుడూ మీరు అనుకున్నదాంట్లో సగమే కోయండి. చివర్లలో కత్తెరను అడ్డంగా కాకుండా నిలువుగా పట్టి చిన్నచిన్నగా కొరికినట్టు తీస్తే తప్పు చేసినా గీతలా కనబడదు.

రింగుల పాప అమ్మ:

పైన చెప్పిన తడి విషయం తిన్నని జుట్టుకే. ఉంగరాల జుట్టు అయితే దయచేసి ఆరాకే కోయండి. జుట్టు తడిసినప్పుడు సాగుతుంది, ఆరాక మళ్లీ దగ్గరకు వస్తుంది, రింగులు ఎంత బిగువుగా ఉంటే అంత పైకి పోతుంది. నేను మా అమ్మాయికి భుజాల దాకా ఉంచుదామని తడిగా కోస్తే ఆరేసరికి చెవుల దగ్గరకొచ్చింది. అప్పటినుంచి పొడి జుట్టునే, దువ్వకుండా, అది ఎలా పడుతుందో అలాగే వదిలి ఒక్కో రింగు పట్టుకుని చివర మాత్రం తీస్తున్నాను. గంటన్నర పడుతుంది, కానీ నాలుగు నెలలకొకసారే కదా.

ఆడపిల్లలకు చేసేవాళ్లకి ఇంకొకటి. జుట్టంతా వెనక్కి పోనీటెయిల్ కట్టి ఒక్కవేటున కోసే పద్ధతి చూపిస్తుంటారు. విప్పాక వెనక మధ్యలో పొట్టిగా, పక్కల పొడుగ్గా వస్తుంది, ఎందుకంటే ముందునుంచి వచ్చే జుట్టు రబ్బరు దాకా ఎక్కువ దూరం నడిచొచ్చింది. మీకు అలా కావాలంటే సరే, సమానంగా కావాలంటే మాత్రం పాయలుగా విడదీసి కింద పొర నుంచి మొదలుపెట్టాలి, పాప తల అటూ ఇటూ వంచకుండా చూసుకోవాలి. నుదుటి మీద ముంగురులు కనుబొమల దాకా కావాలంటే ముక్కు మొదట్లో ఆపండి, మిగతా పని జుట్టే చేసుకుంటుంది.

మీ చిన్నోడి భయం గురించి: మా బాబుకి కూడా మూడు నాలుగేళ్లు ఇదే బాధ. మేం వారం రోజులు జుట్టు జోలికే పోలేదు. మొదట ఆపేసిన మిషన్‌ను వాడి చేతికిచ్చాం, తర్వాత పక్కగదిలో ఆన్ చేసి చప్పుడు విననిచ్చాం, తర్వాత బ్లేడు వైపు కాకుండా వెనక భాగం వాడి అరచేతికి, మోచేతికి ఆనించాం, ఆ తర్వాతే మెడకి. మెడ దగ్గర మొదలుపెట్టి చెవుల చుట్టూ చివరికి ఉంచండి, చప్పుడు అక్కడే ఎక్కువ వినబడుతుంది. ఒక్కరోజులో తల మొత్తం అవ్వాలని పట్టుపట్టకండి, ఈరోజు వెనక, రేపు పక్కలు చేస్తే ఏం పోయింది. బలవంతంగా పట్టుకుని మాత్రం చేయొద్దు, ఆ ఒక్కసారి వాడు సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటాడు.

నాన్నతో ఇంట్లో:

నేను మొదలుపెట్టింది డబ్బు కోసమే, ఇప్పుడు కారణం వేరు. మా నాన్నగారు రెండేళ్లుగా మంచానికే పరిమితం. బయటికి తీసుకెళ్లాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మొదట్లో ఇంటికి మనిషిని పిలిచేవాళ్లం, తర్వాత అది భరించలేక నేనే నేర్చుకున్నాను. పెద్దవాళ్లకి చేసేటప్పుడు చూసుకోవాల్సినవి వేరు, అవి చెప్పాలనే రాస్తున్నాను.

చర్మం చాలా పలచగా ఉంటుంది, చెవుల వెనక మరీను. దువ్వెన లేకుండా ఉత్త బ్లేడు పెట్టొద్దు. తలమీద పుట్టుమచ్చలు, పులిపిర్లు ఎక్కడున్నాయో ముందు వేళ్లతో తడిమి గుర్తుపెట్టుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి చిన్న గీత పడినా చాలాసేపు కారుతుంది, శుభ్రమైన గుడ్డతో మధ్యలో తీసితీసి చూడకుండా పది నిమిషాలు నొక్కిపెట్టి ఉంచాలి, అయినా ఆగకపోతే డాక్టరుకి చూపించాలి. వినికిడి మిషన్ ఉంటే తీసి పక్కన పెట్టండి, అయితే తీసేముందే ఏం చేయబోతున్నారో చెప్పండి, తీశాక ఆయనకు వినబడదు. నాన్నగారు ఎక్కువసేపు కూర్చోలేరు కాబట్టి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి సగం తల చేస్తాను, విశ్రాంతి తీసుకున్నాక రెండోసగం. మెడ చుట్టూ పడిన వెంట్రుకలు తడిగుడ్డతో వెంటనే తుడిచేయండి, తాను గోక్కోలేని మనిషికి ఆ దురద నరకం.

ఒకే మిషన్‌తో ఇంట్లో అందరికీ చేస్తే ఒకరికీ ఇంకొకరికీ మధ్య బ్లేడును బ్రష్‌తో దులిపి 70 శాతం స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, స్పిరిట్‌కు నూనె పోతుంది కాబట్టి తర్వాత మళ్లీ ఒక చుక్క వేయాలి. తలమీద తామర ఒకరి నుంచి ఒకరికి మిషన్ ద్వారా కూడా అంటుకుంటుంది. ఎవరికైనా గుండ్రంగా పొట్టు లేస్తున్న మచ్చలు, జుట్టు ఊడుతున్న చోటు కనబడితే అది తగ్గేదాకా ఆ మిషన్ వాళ్లకి పెట్టొద్దు.

నాన్నగారు ఎక్కువ మాట్లాడరు. కటింగ్ అయ్యాక అద్దం పట్టుకుంటే చేత్తో పాపిడి సరిచేసుకుంటారు. అది చూడటం నాకు ఇష్టం.

ఎనిమిదో క్లాసు గుర్తుంది:

నేను ఇంకోవైపు నుంచి చెప్తాను, ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఇబ్బందిగా ఉండి 15 ఏళ్లదాకా అమ్మే నాకు కోసేది. చిన్నప్పుడు బాగానే ఉండేది. ఎనిమిదో క్లాసుకి వచ్చాక క్లాసులో వెక్కిరించేవాళ్లు, నేను ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే అమ్మ ఎంత కష్టపడుతోందో నాకు తెలుసు. మీ పెద్దోడు ఏమీ అనకుండా టోపీ పెట్టుకున్నాడని చదవగానే నాకు ఛాతీలో ఏదో అయింది. వాడు మీ మీద కోపంతో కాదు, మీరు బాధపడతారని ఊరుకున్నాడేమో.

11 ఏళ్లంటే వాడి తల మీద వాడికి ఒక మాట ఉండాలి. మానేయమని అనట్లేదు. చిన్నోడికీ మీ ఆయనకీ మీరు చేయండి, మూడు తలల్లో రెండు తగ్గినా పెద్ద ఆదానే. పెద్దోడిని నేరుగా అడగండి, "నేను చేయనా, సెలూన్‌కి వెళ్తావా" అని, వాడు సెలూన్ అంటే మొహం చిన్నబుచ్చుకోకుండా పంపండి. సెలూన్‌లో బాగా చేయించాక ఆ ఆకారం పోకుండా మధ్యలో మెడ వెనకా చెవుల చుట్టూ మాత్రం మీరు ఇంట్లో శుభ్రం చేస్తే రెండు కటింగ్‌ల మధ్య వ్యవధి నాలుగు వారాలనుంచి ఏడెనిమిది వారాలకి పెరుగుతుంది. ఖర్చు సగమవుతుంది.

చిన్నిల్లు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, మీరందరూ ఇంత ఓపికగా చెప్పారు కాబట్టి ఏమైందో చెప్పకపోతే బాగుండదు.

ఆ రాత్రే పెద్దోడి దగ్గర కూర్చుని తప్పు నాదేనని చెప్పాను, అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "స్కూల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదులే, కానీ ఈసారి సెలూన్‌కి వెళ్తా" అన్నాడు. సరే అన్నాను. ఈలోపు 2, 3, 4 నంబర్లతో పాతకత్తెర గారు చెప్పినట్టు చెవుల పైన మాత్రం కలిపాను, అందుకు ఒప్పుకున్నాడు. మర్నాడు టోపీ లేకుండా వెళ్లాడు. పోయిన వారం సెలూన్‌లో చేయించాం, ఇకమీదట మధ్యలో మెడ దగ్గర మాత్రం నేను చేస్తాను, అది వాడే చెప్పాడు.

మా ఆయన తలమీద రెండుసార్లు నేర్చుకున్నాను. మొదటిసారి 8వ నంబర్‌తో మొదలుపెట్టి అసలు కోసినట్టే లేదనిపించినా అక్కడే ఆపి, మర్నాడు పగటి వెలుతురులో చూసుకుని 6కి దిగాను. గంటా పది నిమిషాలు పట్టింది. రెండోసారి నలభై నిమిషాలే. సుడి దగ్గర ఒక నంబర్ ఎక్కువ పెట్టాను, నిజంగానే పడుకుంది.

చిన్నోడికి ఇప్పటికి మెడ, వెనకభాగం అయ్యాయి. మిషన్ ఆన్ చేసే పని వాడిదే, వాడు ఆపమంటే ఆపేస్తున్నాను. చెవుల చుట్టూ ఇంకా ఒప్పుకోవడం లేదు, అక్కడ కత్తెరతో కొంచెం కొంచెం తీస్తున్నాను, చెవిని వేలితో కిందికి మడిచి పట్టుకుని.