పూలదారం మింగిన పిల్లి: వెంటనే వైద్యానికి వెళ్లాలా, రెండు రోజులు ఆగి చూడాలా?

మొల్లపొద: నిన్న రాత్రి మా పిల్లి సన్నజాజుల మాలతో ఆడుతూ మూరెడు దారం మింగేసింది. ఇప్పటికైతే హుషారుగానే ఉంది, తిండి తింటోంది. చెంచాడు ఆముదం పట్టించి రెండు రోజులు చూద్దామని మా అత్తగారు, ఇప్పుడే పశువైద్యుని దగ్గరకు వెళదామని మావారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కృష్ణాతీరం: ఆముదం సంగతి పక్కన పెడితే, ఆగి చూడడాన్ని నేను తప్పుపట్టను. రబ్బరు బ్యాండు ముక్కలు, చీపురు పుల్లలు మలంలో వచ్చేయడం పిల్లులను పెంచేవారిలో చాలామంది చూసిందే. పైగా నూలుదారం ఎక్స్‌రేలో కనిపించదు. ఆడుకుంటున్న జంతువుకు మత్తిచ్చి పొట్ట కోయించడానికి అంత తొందరేమిటి?

గడపదాటని పిల్లి: చిన్న ముక్కకూ పొడవైన దారానికీ ఉన్న తేడాను కృష్ణాతీరం గారు వదిలేశారు. బఠాణీ గింజంత వస్తువు పేగుల కదలికతో ముందుకు సాగిపోవచ్చు. దారం ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకునో, జీర్ణాశయం చివర ఇరుక్కునో నిలిచిపోతే మాత్రం, మిగతా భాగాన్ని పేగు కిందికి లాగుతూనే ఉంటుంది. దారం కదలదు గనుక పేగే దానిపైకి ఎక్కి, బొందు బిగించిన లంగాలా కుచ్చుపడుతుంది. ఆ బిగువుకు దారం పేగు గోడను కోసి రంధ్రం చేసిందంటే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి కాబట్టి, నోట్లో పడిన దారాన్ని ఉమ్మడం దానికి కష్టం. ఎక్స్‌రేలో దారం కనిపించకపోయినా కుచ్చుపడిన పేగు జాడ తెలుస్తుంది. అల్ట్రాసౌండ్ కూడా ఉంది. ఇక కోత మాటంటారా, దారం ఇంకా జీర్ణాశయంలోనే ఉంటే ఎండోస్కోపుతో, అంటే నోటి గుండా లోపలికి పంపే కెమెరా గొట్టంతో, కోత లేకుండా తీసే వీలుంటుంది. ఆ వీలును పోగొట్టేది మీరు చెప్పే ఆ రెండు రోజులే.

కృష్ణాతీరం: ఎండోస్కోపు హైదరాబాదులో దొరుకుతుందండి. మా మండలంలో పశువైద్యశాలంటే గేదెలకూ మేకలకూ. మాబోటివారు ఆగక ఏం చేస్తారు?

గడపదాటని పిల్లి: ఆ ఇబ్బంది నిజమే, కాదనను. అయినా గేదెలను చూసే వైద్యుడు కూడా పిల్లి నోరు తెరిచి నాలుక కింద చూడగలరు, పొట్ట తడమగలరు. ఆగాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆయన చెప్పాలి. వాంతులు మొదలైనా, తిండి మానేసినా, మూలన నక్కినా పట్నానికి బయలుదేరాల్సిందే. ఆముదం బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పునీళ్లతో కక్కించడమూ ప్రమాదమే. వెనుకవైపు కొస వేలాడితే లాగకండి, లోపల పేగు తెగవచ్చు.

మందులకొట్టు: ఒక మాట చేర్చాలి. ఆగిన రోజుల్లో పిల్లి నీరసపడితే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేసేవారున్నారు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే దాన్ని చంపవచ్చు. దారం కన్నా ముందు మాత్రే ప్రాణం తీస్తుంది.

మొల్లపొద: బయలుదేరుతున్నాం. దారానికి బదులు అరటినారతో కట్టిన మాలలు కొంటే ఈ భయం ఉండదా?

గడపదాటని పిల్లి: నార కూడా పొడవైనదే కదండీ. వాడిన మాలను మూత ఉన్న డబ్బాలో వేయండి.