కథ 'అడ్డం' తిరిగిందా, 'అడ్డంగా' తిరిగిందా?

కిటికీపక్క సీటు
నాలుగు రోజులుగా ఒకే ఒక్క అక్షరం నన్ను పట్టుకుని వదలడం లేదు. మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని 1955 నాటి కన్యాశుల్కం సినిమా చూశాం. పిల్లలకి గిరీశాన్ని పరిచయం చేయాలని నాకే ఆత్రం. వాళ్ళు బాగానే చూశారు, చిన్నబోయింది నేను. సినిమా చెడ్డదని అనను. పుస్తకంలో పేజీ పేజీకీ మాట నవ్విస్తుంది, తెరమీదేమో కథ నడుస్తుంది, మాట వెనకబడిపోతుంది. అంతా అయ్యాక మా అబ్బాయి "డామిట్, కథ అడ్డం తిరిగింది" అన్నాడు. "అడ్డం కాదురా, అడ్డంగా" అని టక్కున దిద్దాను. దిద్దాక నాకే అనుమానం వచ్చింది. మా నాన్నగారు కూడా ఎప్పుడూ 'అడ్డం తిరిగింది' అనే అనేవారు. ఏది సరైనది? అర్థంలో నిజంగా తేడా ఉందా?

పాతపుస్తకాల అల్మారా
'అడ్డంగా' అనే ఉంది. గురజాడ నాటకం 1909 కూర్పులో, ఏడో అంకం చివర, గిరీశం మాటగా. మీరు సరిగ్గానే దిద్దారు. నూరేళ్ళకి పైగా జనం నోట నలిగి నలిగి ఆ 'గా' రాలిపోయింది. ఇప్పుడు ఏ శీర్షికలో చూసినా 'అడ్డం తిరిగింది' అనే రాస్తున్నారు. వాడుకలో అరిగిన మాట అంతే. ఇందులో చర్చించడానికి పెద్దగా ఏమీ లేదనుకుంటాను.

బొంకులదిబ్బ
చాలా ఉంది మాస్టారూ. ఆ 'గా' తీసేస్తే గిరీశం మారిపోతాడు.

'అడ్డం తిరగడం' ప్రాణం ఉన్నవాళ్ళు చేసే పని. నిన్న ఒప్పుకున్న మనిషి ఇవాళ అడ్డం తిరుగుతాడు. బండికి కట్టిన ఎద్దు ఏటిగట్టున అడ్డం తిరుగుతుంది. అక్కడ ఒక ఎదిరింపు ఉంది, పట్టుదల ఉంది. 'అడ్డంగా' అంటే దిక్కు మాత్రమే. నిలువుగా పోతున్నది అడ్డంగా తిరిగింది, అంతే. తను పెళ్ళాడాలనుకున్న బాలవితంతువు బుచ్చమ్మని సౌజన్యారావు పంతులుగారు పూనా పంపిస్తానని తేల్చేశాక కూడా గిరీశం తన తప్పు ఒప్పుకోడు. తనని ఎవరో ఓడించారని కూడా ఒప్పుకోడు. తను నడుపుతున్న కథ కాస్త పక్కకి తిరిగిందంటాడు. పక్కకి తిరిగినదాన్ని రేపు మళ్ళీ తిన్నగా పెట్టుకోవచ్చు కదా. 'అడ్డం తిరిగింది' అని ఉంటే వాడు ఓడిపోయినట్టు. 'అడ్డంగా' అన్నాడు గనుక ఓడిపోలేదు. గురజాడ ఆ 'గా' ఊరికే వేసి ఉండడని నా నమ్మకం.

పాతపుస్తకాల అల్మారా
అంత బరువు ఆ 'గా' మోయగలదా? 'బల్ల అడ్డం పెట్టు', 'బల్ల అడ్డంగా పెట్టు' రెండూ అంటాం. బ్రౌన్ నిఘంటువులో అడ్డానికి ఆటంకమనే అర్థమూ ఉంది, నిలువుకి ఎదురైన కొలత అనే అర్థమూ ఉంది. ఒకే మాటకి రెండు ముఖాలు. 'గా' చేర్చితే ఒక ముఖం చెరిగిపోతుందని ఏ వ్యాకరణం చెప్పింది?

గురులఘువు
వ్యాకరణం వదిలి చెవితో వినండి ఒక్కసారి. 'అడ్డంగా' మూడూ గురువులే. మగణం. ఆ వెంటనే 'తిరిగింది'లో మొదట రెండు లఘువులు. మూడు బరువైన అడుగులు వేసి, ఒక్కసారి గిర్రున తిరిగినట్టు ఉంటుంది. పైకి చదివితే 'గా' దగ్గర గొంతు దానంతటదే సాగుతుంది. తెర దిగేముందు నటుడికి ఊపిరి తీసుకోవడానికి చోటు దొరికేది అక్కడే. 'అడ్డం తిరిగింది' అంటే మాట గబుక్కున అయిపోతుంది. ఇది వేదిక కోసం రాసిన వాక్యమని అందుకే అంటాను.

వచనంలో కూడా గురజాడకి గణాల చెవి ఉంది. పద్యం రాసినవాడి వచనం కదా.

మంత్రసాని మనవరాలు
మా అమ్మమ్మ పురుళ్ళు పోసేది. మీరెవరూ ఆడవాళ్ళ మాట తలుచుకోలేదు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందంటే ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ గుండె జారిపోయేది. ఇక కాన్పు కష్టమే అని అర్థం. గిరీశం కథ కూడా పెళ్ళి దాకా, అంటే నెలలు నిండేదాకా వచ్చింది. చివరి క్షణంలో అడ్డం తిరిగింది. పెళ్ళిళ్ళ చుట్టూ, పసిపిల్లల చుట్టూ అల్లిన నాటకం చివర ఈ మాట రావడం కాకతాళీయం అని నేను అనుకోను. నాటకం అంతా ఆడపిల్లల గురించే కదా.

పాతపుస్తకాల అల్మారా
అమ్మా, మీ ఊహ నాకు చాలా నచ్చింది. కానీ చూడండి, బిడ్డ విషయంలో మనం 'అడ్డం తిరిగింది' అంటాం, 'గా' లేకుండా. మీ సిద్ధాంతం మీ అబ్బాయిగారి పక్షానికి వెళ్తుంది. (అంటే మొదట అడిగినవారి అబ్బాయి పక్షానికి.)

మంత్రసాని మనవరాలు
'బిడ్డ అడ్డంగా ఉంది' అని కూడా అంటారు మాస్టారూ. తిరుగుతున్నప్పుడు అడ్డం, తిరిగి అక్కడే ఉండిపోయాక అడ్డంగా. అయినా మీరు చెప్పింది ఆలోచించాల్సిందే.

మొగల్తూరు రైలు
అడిగినవారి అసలు బాధ సినిమా గురించి. దాని మీద నాదో మాట. హాస్యం రాసిన పుస్తకాన్ని తెరకెక్కిస్తే ఎందుకు ఇలా అవుతుందో నాకు బారిస్టర్ పార్వతీశం దగ్గర అర్థమైంది. మొక్కపాటివారి నవల మొదటి భాగం 1924లో వచ్చింది, 1940లో దాన్ని సినిమాగా తీశారు. లంకా సత్యం పార్వతీశం. అది ఎలా ఉన్నా సరే, ఆ పనిలోనే ఒక కష్టం ఉంది. నవలంతా పార్వతీశమే చెప్తాడు. మద్రాసులో ముచ్చటపడి టోపీ కొనుక్కుంటాడు. అది ఆడవాళ్ళ టోపీ అని అతనికి తెలియదు, అతని మాటలు చదువుతున్న మనకి మెల్లగా తెలుస్తుంది. అతను ఎంత నమ్మకంగా చెప్తే మనకి అంత నవ్వు, అంత ప్రేమ. తెరమీద అయితే టోపీ కనిపించగానే అయిపోయింది. అప్పుడు మనం అతనితో కలిసి నవ్వడం మానేసి, అతన్ని చూసి నవ్వుతాం. అదే నాకు బాధ. పార్వతీశాన్ని చూసి నవ్వడం ఆ నవల ప్రేమికులెవరూ భరించలేరు.

కన్యాశుల్కంలో చెప్పేవాడు లేడు, నిజమే, అది నాటకం. కానీ అందులో ప్రతి మనిషీ తన తెలుగు తనతో తెచ్చుకుంటాడు. అగ్నిహోత్రావధాన్ల తెలుగు, రామప్పంతులు తెలుగు, మధురవాణి తెలుగు, అసిరిగాడి తెలుగు ఒకదానితో ఒకటి కలవవు. గిరీశం నోట ఇంగ్లీషూ తెలుగూ ఒకే చుట్టపొగలో వస్తాయి. ఆ తెలుగులన్నీ పక్కపక్కన ఒరుసుకున్నప్పుడు పుట్టిందే ఆ నవ్వు. కథ కుదించినప్పుడు ముందు పోయేది ఈ ఒరిపిడే. అందుకే మీరు చిన్నబోయారు.

బొంకులదిబ్బ
చాలా బాగా చెప్పారు. పూర్తి నాటకాన్ని ఒక్క రాత్రిలో ఆడడమే కష్టం, వేదిక మీద కూడా కోసుకునే ఆడతారు. సినిమావాళ్ళని ఒక్కళ్ళనే అనలేం. కానీ ఏది కోశారన్నదే ప్రశ్న. మధురవాణి ఇంట్లో చీట్లపేక ఆడేచోట ఒక్కో మాట వెనక ఒక్కో మనిషి బతుకంతా ఉంటుంది. కథ ముందుకు నడవడానికి అది అక్కర్లేదు. కన్యాశుల్కం కన్యాశుల్కం కావడానికి మాత్రం అదే కావాలి.

సాయంత్రం ఆట
నేను సినిమా పక్షం. పుల్లయ్యగారు తీసినదాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. సావిత్రి మధురవాణిగా ఒక్కసారి అలా ఓరగా చూస్తే పేజీన్నర సంభాషణ వినబడుతుంది. సి.యస్.ఆర్. రామప్పంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు! పుస్తకం చదివేటప్పుడు నాకు ఇప్పటికీ ఆ ముఖాలే కనిపిస్తాయి. ఘంటసాల సంగీతం సంగతి సరేసరి. ఒక్క గిరీశం విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఎన్.టి. రామారావుగారు తెరమీదికి రాగానే మనం కథానాయకుడి పక్షాన నిలబడిపోతాం. గిరీశం పక్షాన మనం మనకి తెలియకుండా జారిపోవాలి, నిలబడకూడదు.

ఇంకో మాట. గురజాడ గేయం 'పూర్ణమ్మ' ఆ సినిమాలో ఉంది. గురజాడ మీద ప్రేమ లేనివాళ్ళు ఆ పని చేయరు.

కిటికీపక్క సీటు
పూర్ణమ్మ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఏడ్చాం, ఒప్పుకుంటాను. అయితే నా సందేహం అక్కడే మొదలైంది. ఇదే అన్యాయాన్ని గురజాడ ఒకచోట ఏడిపిస్తూ చెప్పాడు, ఒకచోట నవ్విస్తూ చెప్పాడు. నవ్వించేచోటికి ఏడుపు తీసుకొచ్చి పెడితే నవ్వు తగ్గదా?

గురులఘువు
తగ్గదని నా అభిప్రాయం. ఆ రెండూ ఒకే కంటి రెండు చుక్కలు. పూర్ణమ్మలో ఆ నాలుగు పాదాలు ఒకసారి పైకి చదువుకోండి.

మేలిమి బంగరు మెలతల్లారా!
కలువల కన్నుల కన్నెల్లారా!
తల్లులగన్నా పిల్లల్లారా!
విన్నారమ్మా యీ కథను

ఎంత తేలికైన మాటలు! 'తల్లులగన్నా పిల్లల్లారా' అన్నచోట నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. పిల్లల్ని కన్న తల్లులు కాదు, తల్లుల్ని కన్న పిల్లలు! పదేళ్ళు నిండకుండానే పెళ్ళయి తల్లులు కావలసిన పిల్లల గురించి ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

ముత్యాలమూట
ముత్యాల సరం అందం అదే కదండీ. గురజాడ కనిపెట్టిన ఛందస్సు ఎంత బరువైనా మోస్తుంది.

గురులఘువు
పూర్ణమ్మ ముత్యాల సరం కాదండీ, ఇది చాలామంది పొరబడేచోటు. పూర్ణమ్మది చతుర్మాత్రల నడక. మే-లి-మి నాలుగు, బం-గ-రు నాలుగు, మె-ల-తల్ నాలుగు, లా-రా నాలుగు. ముత్యాల సరంలో మూడూ నాలుగూ, మూడూ నాలుగూ నడుస్తాయి. 'గుత్తు-నా ము-త్యాల-సరములు'. పాదానికి పద్నాలుగు మాత్రలు. వేలితో బల్లమీద కొట్టి చూడండి, రెండు నడకలూ వేరని వెంటనే తెలుస్తుంది.

ముత్యాలమూట
కొట్టి చూశాను. మీరే సరి. ఇన్నేళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాను. అయితే 'తల్లులగన్నా' అన్నదానికి మీరు చెప్పిన అర్థం మీద నాకు అనుమానం ఉంది. తల్లులు కన్న పిల్లలని మామూలు అర్థం ఎందుకు కాకూడదు? పైపాదాల్లో కూడా పిలుపే ఉంది కదా, మెలతల్లారా, కన్నెల్లారా అని.

గురులఘువు
కావచ్చు. వ్యాకరణం మీ పక్కన నిలబడొచ్చు కూడా. నేను మాత్రం నా అర్థాన్ని వదులుకోలేను.

తల అడ్డం
చర్చ చాలా దూరం వెళ్ళింది గానీ, 'అడ్డంగా' గురించి ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఒప్పుకోనప్పుడు మనం తల ఎటు ఊపుతాం? అడ్డంగా. తల నిలువుగా ఊపితే సరే, అడ్డంగా ఊపితే కాదు. అక్కడ 'గా' లేకుండా ఎవరూ అనరు. కాబట్టి 'గా' ఉంటే ఎదిరింపు ఉండదన్న బొంకులదిబ్బగారి మాట నిలవదు. కథ గిరీశం ముఖం మీదే తల అడ్డంగా ఊపింది. అన్ని అంకాల్లోనూ అందరిచేతా సరే అనిపించుకున్నవాడికి చివర కథే కాదంది.

బొంకులదిబ్బ
ఇది నేను ఆలోచించలేదు. అయినా తల ఊపుతాం, తిప్పుతాం. 'తల అడ్డంగా తిరిగింది' అనం. నాటకంలో ఉన్నది 'తిరిగింది'. ఆ క్రియని పక్కనపెట్టి 'గా'ని ఒక్కదాన్నీ తూచలేం. నా మాట మీదే ఉన్నాను.

మంత్రసాని మనవరాలు
నాకు ఈ తల సంగతి బాగుంది. బిడ్డ తల సంగతి కూడా మరిచిపోకండి.

కిటికీపక్క సీటు
అందరికీ దండాలు. రాత్రి మా అత్తయ్యకి ఫోన్ చేశాను. పుట్టిందీ పెరిగిందీ విజయనగరంలోనే, చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఈ నాటకం పైకి చదువుతుంటే వింటూ పెరిగింది. "అత్తా, అడ్డమా, అడ్డంగానా?" అని అడిగాను. "అడ్డంగానే, అందులో అనుమానమేముంది" అంది. నేను సంబరపడేలోపు ఆవిడే మళ్ళీ "కథ అని అంత ఒత్తి పలుకుతావేమిటే, మా ఇంట్లో కత అనేవారు" అంది. ఇప్పుడు నాకు ఇంకో సందేహం పట్టుకుంది.

పాతపుస్తకాల అల్మారా
పాత అచ్చు పుస్తకాల్లో చాలాచోట్ల 'కధ' అని కూడా కనిపిస్తుంది. కథ, కధ, కత. ఆగండి, నా దగ్గర రెండు ప్రతులున్నాయి, దించి చూసి చెప్తాను.

బొంకులదిబ్బ
చూడండి మాస్టారూ. కానీ ముందే చెప్తున్నాను, గిరీశం కాలేజీ చదువు వెలగబెట్టినవాడు, 'కత' అనడు. అసిరిగాడు అంటాడు.